అలావా పాట నుంచి నాజర్ బుర్రకథ దాకా

సంఘం వార్షిక సంచికలలో సాధారణంగా మన పెద్దల విద్యాసేవను గురించి, మస్జిదుల మరమ్మతులను గురించి, పేద పిల్లల ఫీజులను గురించి వ్రాసుకుంటూ ఉంటాము. అవన్నీ అవసరమే. ఈసారి మాత్రం డప్పు మోతకు గొంతు కలిపి, భుజాన తంబురా వేసుకొని తెలుగులో పాడిన మనవాళ్లను గురించి నాలుగు పుటలు వ్రాయదలచాము. ఇది చూసి కొందరు పెద్దలు ముఖం చిట్లిస్తారని మాకు తెలియకపోలేదు. పాటేమిటి, పీర్లేమిటి, బుర్రకథేమిటి, సంక్షేమ సంఘానికి ఇదేనా పని అనవచ్చు. వ్యాసం చివరిదాకా చదివిన తరువాత ఆ మాట అనవలసిందిగా మా మనవి.

సంగతేమిటంటే, మన పిల్లలు కాలేజీల్లో చేరిన తరువాత రెండు వైపుల నుంచి ఒకే ప్రశ్న ఎదుర్కొంటున్నారు. "మీది ఉర్దూ గదా, తెలుగు సాహిత్యంతో మీకేం సంబంధం?" అని బయటివారు అడుగుతారు. "మనది ఉర్దూ, తెలుగు పాటలతో మనకేం సంబంధం?" అని ఇంట్లోవారు అంటారు. మాటలు వేరైనా రెండింటికీ అర్థం ఒక్కటే. దీనికి చరిత్ర ఏమి జవాబు చెబుతుందో చూద్దామన్నదే మా ప్రయత్నం.

ముందు మన ఊరి సంగతి. అశ్వారావుపేట ఎల్లల మీది ఊరు. పాల్వంచ సంస్థానాన్ని ఏలిన అశ్వారావుల పేరు ఈ ఊరి పేరులోనే ఉన్నది. నిజాం కాలంలో ఇది హైదరాబాదు రాజ్యానికి చిట్టచివరి కొస. జంగారెడ్డిగూడెం వైపు పోతే ఇంగ్లీషువారి మద్రాసు ప్రెసిడెన్సీ. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడింది. 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది. గోదావరి ఆవలి ఒడ్డున ఉన్న భద్రాచలం తూర్పు గోదావరి నుంచి విడివడి 1959లో మన జిల్లాలో కలిసింది. 2014లో తెలంగాణ ఏర్పడింది, ఆ ఏడే మన పక్కనున్న కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు ఆంధ్రలోకి పోయినాయి. 2016లో మనం భద్రాద్రి కొత్తగూడెం జిల్లావాళ్లమైనాము. గీతలు ఇన్నిసార్లు మారిన చోట తెలుగు, ఉర్దూ, కోయ, లంబాడీ మాటలు నాలుగూ ఒకే సంతలో వినబడతాయి. వాద్యాలూ అంతే. కోయగూడెం వైపు నుంచి డోలు, మాదిగవాడ నుంచి డప్పు, గుడి నుంచి తాళం, భజన.

అడవి పక్క ఊళ్లవాళ్లం కాబట్టి పాటా కథా వాద్యమూ వేరు వేరు విద్యలని మనకు ఎన్నడూ తోచలేదు. కోయలకు డోలీలని ఒక కళాకారుల వర్గం ఉన్నది. తెగల పుట్టుక, వంశాల వరుస, వేల్పుల కథ వారి నోటనే ఉంటుంది. బొమ్మలు వేసిన పడిగె గుడ్డను విప్పి, డోలు కొడుతూ గట్టు గట్టు వారీగా ఆ కథను పాడుతారు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారు సమ్మక్క సారలమ్మల కథను కోయ భాషలోనూ తెలుగులోనూ డోలు మీద పాడేవారు. ఆయనకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో కన్నుమూశారు. వ్రాత లేని చరిత్రను పాటే కాపాడుతుందని చెప్పడానికి మన జిల్లాలోనే ఇంత పెద్ద ఉదాహరణ ఉండగా, మన సముదాయపు పాటను మనమెందుకు చిన్నచూపు చూశామో ఆలోచించాలి.

మన సముదాయపు పాట అంటే ముందుగా చెప్పవలసింది పీర్ల పండుగ పాట. హిజ్రీ 61వ సంవత్సరం మొహర్రం 10వ తేదీన, అనగా క్రీ.శ. 680 అక్టోబరు 10న, కర్బలా మైదానంలో హజ్రత్ ఇమామ్ హుస్సేన్ (రజి) షహీదులైనారు. ఆ దుఃఖాన్ని జ్ఞాపకం చేసుకోవడానికి ఆలములను నిలిపే ఆచారం గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో (1518–1687) తెలుగునేలలో స్థిరపడింది. హైదరాబాదులోని బాద్‌షాహీ అషూర్‌ఖానాను మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1590ల్లో కట్టించినాడు. ఆయన దక్కనీ ఉర్దూలో మర్సియాలు వ్రాసిన కవి కూడా. నగరంలో షియా మజ్లిసులు, మర్సియాలు, నౌహాలు ఒక దారిన నడిచినాయి. పల్లెలకు వచ్చేసరికి ఆలము పీరైంది. అషూర్‌ఖానా పీర్ల చావిడైంది. మర్సియా తెలుగు పాటయింది.

ఈ మూడో మార్పునే మేము అన్నిటికన్నా పెద్దదిగా భావిస్తున్నాము. పల్లెలో ముస్లిం ఇళ్లు నాలుగో ఐదో ఉంటాయి. ముజావరు ఫాతెహా చదువుతాడు. ఊదు వేస్తాడు. దట్టీలు కట్టి పీరును సింగారిస్తాడు. ఆపైన పండుగను నడిపేది ఊరు ఊరంతా. పీరెత్తుకునేటోడు ఏ కులంవాడైనా కావచ్చు. డప్పు కొట్టేవాడు మాదిగ. చావిడి ముందు తవ్విన అలావాలో నిప్పు రాజేసి దాని చుట్టూ తిరుగుతూ పాడేవాళ్లలో అన్ని కులాలవాళ్లూ ఉంటారు. వాళ్లకు ఉర్దూ రాదు. ఫారసీ మర్సియా సంగతి చెప్పనే అక్కరలేదు. అందుకని వాళ్లు కర్బలా కథను తెలుగులో కట్టుకున్నారు.

ఆ కట్టడం ఎట్లాంటిదో కొంచెం నిదానంగా చెప్పుకుందాం. ఒకడు పాట ఎత్తుకుంటాడు, గుంపు పల్లవి అందుకుంటుంది. పల్లవిలో మాటిమాటికీ వచ్చే "అసోయ్ దూలా" అన్న కేక తెలంగాణా పల్లెల్లో పుట్టినవాళ్లందరికీ తెలుసు. దూలా అంటే దూల్హా, పెళ్లికొడుకు. ఇమామ్ హసన్ గారి కుమారుడు హజ్రత్ కాసిమ్ పెళ్లికొడుకుగానే యుద్ధానికి పోయినాడని చెప్పుకునే కథ ఆ ఒక్క మాటలో ఉంది. డప్పు దరువు మొదట నెమ్మదిగా నడుస్తుంది. అడుగు దానికి సరిపోతుంది. అలావా చుట్టూ రెండు మూడు సుట్లు తిరిగేసరికి దరువు వేగమవుతుంది. అప్పుడు పాటలో పెద్ద చరణాలు నిలవవు. చిన్న చిన్న ముక్కలు, పిలుపులు, పేర్లు మాత్రమే మిగులుతాయి. దరువు మళ్లీ దిగినప్పుడు కథ మళ్లీ మొదలవుతుంది. కవి ఎవరో తెలియని ఈ పాటకు ఛందస్సును నిర్ణయించింది డప్పే అంటే తప్పులేదు.

పాటలోని కర్బలా కూడా మన కర్బలాయే. యూఫ్రటీసు నది మన వాగులాగా ఉంటుంది. దాహంతో అల్లాడే పిల్లల కోసం ఏడ్చే తల్లి మన ఊరి తల్లిలాగా ఏడుస్తుంది. గుర్రం, డేరా, ఇసుక, ఎండ అన్నీ పాడేవాడు చూసిన వస్తువులే. మలీదా, చక్కెర, కుడుకలు ఫాతెహాకు తెచ్చిన ఆడవాళ్లు చప్పట్లు చరుస్తూ పాడే పాటలు వేరు. వాటిలో యుద్ధం తక్కువ, కన్నీళ్లు ఎక్కువ. పదో రోజున పీర్లు నీళ్లకు పోయేటప్పుడు పాడేవి ఇంకా వేరు. ఆ పాటలకు డప్పు కూడా మెల్లగానే మోగుతుంది.

ఇంకొక విశేషం. మనది చాంద్రమానపు లెక్క కనుక మొహర్రం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ముప్పై మూడేళ్లకు గాని తిరిగి అదే కాలానికి రాదు. అంటే ఒకే మనిషి తన జీవితంలో నాట్లకాలపు పీర్ల పండుగను, కోతకాలపు పండుగను, ఎండకాలపు పండుగను చూస్తాడు. పిల్లప్పుడు వానలో తడుస్తూ పాడినవాడు పెద్దయ్యాక మండుటెండలో పాడుతాడు. రైతుల పండుగలలో దేనికీ ఈ తిరుగుడు లేదు.

ఈ పండుగను గురించి పెద్ద పరిశోధన చేసినవారు కూడా మన ఖమ్మం జిల్లావారే కావడం మనకు గర్వకారణం. చింతకానికి చెందిన కవి అఫ్సర్ గారు అనంతపురం జిల్లా గూగూడులోని కుల్లాయప్ప పీరును గురించి ఇంగ్లీషులో వ్రాసిన "ది ఫెస్టివల్ ఆఫ్ పీర్స్" అనే గ్రంథాన్ని 2013లో ఆక్స్‌ఫర్డ్ వారు ప్రచురించారు. ఆయన తండ్రి కౌముది గారు కూడా తెలుగు కవులే. అమెరికా విశ్వవిద్యాలయాల్లో మన పీర్ల చావిడిని పాఠంగా చెబుతున్నారు. ఇక్కడ చావిడికి సున్నం వేయించడానికి మాత్రం చందా పుట్టదు.

తెలుగు కవిత్వానికి ముస్లిం ప్రభువులు చేసిన మేలును గురించి సభలలో తరచుగా వింటూనే ఉంటాము. ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకు అంకితమిచ్చాడు. పొన్నికంటి తెలగనార్యుడు తొలి అచ్చతెలుగు కావ్యమైన యయాతి చరిత్రను అమీన్‌ఖానుకు అంకితమిచ్చాడు. మంచిదే. అయితే అది దర్బారు సంగతి. దర్బారు పోయిన తరువాత ఆ కావ్యాలు పండితుల బీరువాల్లో మిగిలినాయి. అలావా పాటకు ఏ దర్బారూ లేదు. ఎవరికీ అంకితం లేదు. మన సభలలో మాత్రం ఇబ్రహీం పేరు వంద సార్లు వస్తుంది, అలావా దగ్గర పాడే మనిషిని వేదిక మీదికి పిలవరు. ఈ పద్ధతి మాకు నచ్చలేదు.

భద్రాచలం పక్కనుండి ఒక మాట చెప్పకుండా పోలేము. పాల్వంచ తాలూకా తహసీల్దారుగా ఉండి సర్కారు పైకంతో రామాలయం కట్టించి, తానాషా చెరసాలలో కీర్తనలు పాడిన కంచెర్ల గోపన్న కథ అందరికీ తెలిసిందే. ఆ కథను భజనల్లో, హరికథల్లో, నాటకాల్లో చెప్పేటప్పుడు కబీరు తప్పక వస్తాడు. కబీరు 15వ శతాబ్దివాడు, గోపన్న 17వ శతాబ్దివాడు. ఇద్దరూ కలవడం సాధ్యం కాదు. జనం మాత్రం కలిపేశారు. రామదాసు కథ చెప్పాలంటే ఒక ముస్లిం ఫకీరు నోట పాట ఉండాలని వాళ్లకు తోచింది. తారీఖు తప్పైనా మనుషుల మనసు తెలుస్తుంది గదా.

ఇక అసలు మనిషి దగ్గరికి వస్తున్నాము.

షేక్ నాజర్ గారు గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920 ఫిబ్రవరి 5న ఒక పేద దూదేకుల కుటుంబంలో పుట్టారు. పిల్లప్పుడే నాటకాల్లో చేరి పాడారు, ఆడారు. సంగీతం నేర్చుకున్నారు. 1943లో ప్రజా నాట్యమండలి ఏర్పడింది. ఆ ఏడే బెంగాలులో ఘోరమైన కరువు. ఊరూరా తిరిగి జనానికి సంగతి చెప్పాలి. పత్రిక చదవగలవాళ్లు తక్కువ. అప్పుడు డాక్టర్ గరికపాటి రాజారావు గారి వంటి పెద్దలున్న ఆ మండలి చూపు పాత జంగం కథ మీద పడింది.

బుర్రకథ అంటే ఇప్పటి పిల్లలకు పుస్తకంలో పాఠం మాత్రమే కనుక వివరంగా చెప్పవలసి వస్తున్నది. ముగ్గురు ఉంటారు. నడుమ కథకుడు. భుజాన తంబురా, వేళ్లకు అందెలు, కాళ్లకు గజ్జెలు. అటూ ఇటూ ఇద్దరు వంతలు, వాళ్ల చేతుల్లో డక్కీలు, వాటినే గుమ్మెటలనీ అంటారు. కథకుడు ద్విపద నడకలోనో రగడ నడకలోనో కథను పాడుతూ రెండడుగులు ముందుకు వస్తాడు, రెండడుగులు వెనక్కు పోతాడు. వంతలు "తందాన తాన" అని అందుకుంటారు. హఠాత్తుగా పాట ఆగుతుంది, డక్కీ ఆగుతుంది. ఎడమవైపు హాస్యగాడు తెలిసీ తెలియని ప్రశ్న వేస్తాడు. జనం నవ్వుతారు. కుడివైపు వంత దానికి జవాబు చెబుతూ ఆనాటి బియ్యం ధరను, జమీందారు దౌర్జన్యాన్ని, తెల్లదొరల పాలనను ప్రస్తావిస్తాడు. మళ్లీ డక్కీ మోగుతుంది, కథ ఆగిన చోటు నుంచి లేస్తుంది. పల్నాటి యుద్ధం చెబుతున్నా, బొబ్బిలి యుద్ధం చెబుతున్నా ఆ పూట సంగతి అందులో ఇమడడానికి వీలు ఈ ఆగడంలో ఉన్నది. సర్కార్లకు భయం పుట్టింది కూడా ఇక్కడే. మద్రాసు ప్రభుత్వమూ, నిజాం ప్రభుత్వమూ రెండూ బుర్రకథలను నిషేధించినాయి. మన వైపు సభ పెట్టుకోవాలన్నా సర్కారు అనుమతి కావాలనే గస్తీ నిషాన్ 53 ఉండనే ఉంది.

ఈ కథన పద్ధతి నాజర్ గారికి ముందే ఉంది. సుంకర సత్యనారాయణ గారి "కష్టజీవి" వంటివి అప్పటికే జనంలో తిరిగినాయి. నాజర్ గారు చేసిందేమిటంటే, నాటకంలో నేర్చిన అభినయాన్ని, గురువుల దగ్గర నేర్చిన రాగజ్ఞానాన్ని తెచ్చి ఈ ముగ్గురి మధ్య పెట్టారు. తానే రాజు, తానే సేనాని, తానే ఏడ్చే తల్లి. ఒక్క గొంతులో వీరం పాడి మరునిమిషం కరుణలోకి దిగగలిగేవారని చూసినవాళ్లు చెబుతారు. కథలు తానే కట్టుకున్నారు. "పల్నాటి యుద్ధం", "బొబ్బిలి యుద్ధం" ఆయన నోట తెలుగుదేశమంతా తిరిగినాయి. 1954లో వచ్చిన "అగ్గిరాముడు" సినిమాలో ఆయన చెప్పిన అల్లూరి సీతారామరాజు బుర్రకథ ఉన్నది. మైకు లేని రోజుల్లో మొదలై సినిమా తెర దాకా పోయిన గొంతు అది. 1986లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 1997 ఫిబ్రవరి 22న మరణించారు. బుర్రకథ పితామహుడని ఆయనకు పేరు.

మరాఠీ దేశంలో సరిగా ఇటువంటి మనిషే ఇంకొకరున్నారు. షాహిర్ అమర్ షేక్ (1916–1969). అసలు పేరు మెహబూబ్ హుస్సేన్ పటేల్. డఫ్ మోగిస్తూ పోవాడాలు పాడి కూలీలను, రైతులను కూడగట్టినవారు. నాజర్ గారిని ఆంధ్రా అమర్ షేక్ అని పిలిచినవాళ్లున్నారు. బెంగాలు కవి కాజీ నజ్రుల్ ఇస్లాం కూడా చిన్నతనంలో లేటో అనే పల్లె పాటగాళ్ల బృందంలో పాటలు కట్టినవారే. ముగ్గురూ పేదిళ్ల పిల్లలు. ముగ్గురూ తమ తమ దేశభాషలో పాడినవారు.

ఇప్పుడు మనం తప్పించుకు తిరిగే మాటను చెప్పుకోవాలి. నాజర్ గారు తన జీవితకథకు పెట్టించుకున్న పేరు "పింజారి". ఈ మాటను తెలుగులో తిట్టుగా వాడుతారు. విల్లు పట్టుకొని ఊరూరా తిరిగి దూది ఏకి పరుపులు కుట్టే కులం పేరు అది. వాళ్లనే దూదేకులవారని, నూర్‌బాషాలని అంటారు. వాళ్ల ఇంటిభాష తెలుగు. నమాజు చదువుతారు, తెలుగులో మాట్లాడుకుంటారు. అందుకని హిందువులు వాళ్లను సాయిబులన్నారు, మన సాయిబులు వాళ్లను పూర్తి సాయిబులు కారన్నారు. పిల్లనివ్వరు, పిల్లను తెచ్చుకోరు. దావతులో వేరు పంక్తి వేసిన రోజులు మన పెద్దవాళ్లకు జ్ఞాపకముండే ఉంటాయి. జమాతులో భుజం భుజం కలిపి నిలబడమని దీన్ చెబుతుంటే మనం చేసిన పని ఇది. తిట్టును తీసుకొని పుస్తకం అట్ట మీద తన పేరు పక్కన వేయించుకున్నాడాయన. పద్మశ్రీ వచ్చినప్పుడు మనవాడేనని సంబరపడినవాళ్లలో ఎందరు ఆ కులంవారితో వియ్యమందారో ఎవరికివారు లెక్క వేసుకోవచ్చు.

దూదేకులవాని విల్లు చప్పుడు విన్నవారికి ఒక సంగతి తోస్తుంది. బిగించిన నారిని కొయ్య గుబ్బతో కొడితే వచ్చే జుమ్ము జుమ్మనే మోత తంబురా మోతకు దూరపు చుట్టం. దూది ఎగిరి పడుతుంటే ఆ లయకు పదం పాడుకోవడం ఆ పనిలో మామూలే. చదువులేని ఇంట పుట్టిన పిల్లవాడికి తొలి సంగీత పాఠం ఎక్కడ దొరికి ఉంటుందో ఊహించుకోవడం కష్టం కాదు.

మన తెలంగాణా వైపు పాటలో వినిపించే ముస్లిం పేరు షేక్ బందగీ. ఇప్పటి జనగామ జిల్లా దేవరుప్పుల మండలం కామారెడ్డిగూడెం రైతు. తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్ మీద కోర్టులో ఏళ్ల తరబడి పోరాడి, వాయిదాకు పోతుండగా దారిలో హతుడైనాడు. ఇది 1940 దశకం ఆరంభంలో జరిగింది. ఆయన ఉదంతం ఆధారంగానే సుంకర, వాసిరెడ్డి భాస్కరరావు గార్లు 1947లో "మా భూమి" నాటకం వ్రాశారు. గొల్ల సుద్దులను, పల్లె బాణీలను పోరాటానికి మలిచిన సుద్దాల హనుమంతు గారి వంటివారు పాడిన కాలమది. బందగీ పాటగాడు కాడు, రైతు. మన పేరు పాటలోకి రెండు విధాలుగా చేరిందని చెప్పడానికే ఆయనను తలచుకున్నాము. నాజర్ గారు పాడేవాడుగా చేరితే, బందగీ పాడబడేవాడుగా చేరినాడు.

స్వాతంత్ర్యం తరువాత బుర్రకథ సర్కారుకు ఇష్టమైన వస్తువైంది. నిషేధించిన కళను పిలిపించుకొని పంచవర్ష ప్రణాళికలు, కుటుంబ నియంత్రణ చెప్పించారు. ఆకాశవాణి వారు ప్రసారం చేశారు. కళాకారులకు నాలుగు డబ్బులు దొరికినాయి, అది మంచిదే. అయితే ఎడమ వంత అడిగే కొంటె ప్రశ్నను కూడా ఆఫీసరు ముందే వ్రాసి ఇచ్చిన కథలో పస ఎంత ఉంటుంది? టీవీలు వచ్చిన తరువాత జనం తగ్గిపోయారని అందరూ అంటారు. అంతకుముందే రుచి తగ్గిందని మా అభిప్రాయం.

పీర్ల పాటకు వచ్చిన దెబ్బ వేరే రకం. మన యువకుల్లో కొందరు దీన్ చదువుకొని వచ్చి పీర్లు షిర్క్ అని, అలావా బిద్అత్ అని, వాద్యం హరామని చెబుతున్నారు. వాళ్ల నిజాయితీని మేము శంకించడం లేదు. సంగీతం విషయంలో ఉలమాలలోనే అనాదిగా భేదాభిప్రాయాలున్నాయి. చిష్తీ సూఫీల సమాను ఒప్పుకున్నవారున్నారు, ఒప్పుకోనివారున్నారు. ఫత్వా ఇవ్వడం ఈ సంఘం పని కాదు, మాకు ఆ అర్హతా లేదు. పీరుకు మొక్కాలా వద్దా అన్నది ఎవరి ఈమాన్ వారిది. పాట సంగతి అది కాదు. ఇమామ్ హుస్సేన్ (రజి) గారి త్యాగాన్ని వందల ఏళ్లుగా తెలుగులో చెబుతూ వచ్చినవాళ్లలో ఎక్కువమంది కల్మా చదవనివాళ్లు. మన పిల్లలకు కర్బలా అంటే ఏమిటో తెలియని ఊళ్లలో కూడా డప్పు కొట్టే ముసలాయనకు కాసిమ్ పెళ్లి కథ తెలుసు. ఆ ముసలాయన నోటి నుంచి దాన్ని వ్రాసి పెట్టుకుంటే మన దీన్‌కు వచ్చే నష్టమేమిటో చెప్పినవారు మాకు ఇంతవరకు కనిపించలేదు.

చెప్పుకోని కారణం ఇంకొకటి మన పొలాల్లోనే ఉంది. పాట నిలవడానికి గుంపు కావాలి. వరి నాట్లలో పదిమంది ఆడవాళ్లు వరుసగా వంగి నాటేటప్పుడు ఒకరు ఎత్తుకుంటే తొమ్మిదిమంది అందుకునేవారు. బతుకమ్మ పాటైనా, పీర్ల పాటైనా అక్కడే ఒకరి నుంచి ఇంకొకరికి పోయేది. ఇప్పుడు మన మండలంలో ఎటు చూసినా పామాయిల్ తోటలే. రైతుకు ఆదాయం బాగుంది, కాదనము. గెల కోసేవాడు మాత్రం చెట్టు కింద ఒంటరిగా కోస్తాడు. అతనికి వంత పాడేవాళ్లు ఉండరు. పక్కన మోటారు సైకిలు మీద పెట్టిన సెల్‌ఫోనులో సినిమా పాట వస్తుంటుంది.

తెలుగు ముస్లిం కవులు ఈ ముప్పై నలభై ఏళ్లలో అచ్చులో బాగానే వెలుగులోకి వచ్చారు. ఖాదర్ మొహియుద్దీన్ గారి "పుట్టుమచ్చ" 1991లో, "జల్‌జలా" కవితా సంకలనం 1998లో వచ్చినాయి. వాటిని చదివి మన పిల్లలు తెలుగులో మన బాధ చెప్పుకోవచ్చని తెలుసుకున్నారు. అవి చదువుకున్నవాళ్ల చేతికి చేరే కవిత్వం. చదువురాని అమ్మీజాన్‌కు చేరాలంటే మళ్లీ గొంతూ వాద్యమూ కావలసిందే. ఆ సంగతి నాజర్ గారికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

కార్యవర్గ సమావేశంలో దీన్ని గురించి చర్చ జరిగినప్పుడు ఒకరిద్దరు పెద్దలు ఒప్పుకోలేదు. వాదన చాలాసేపు నడిచింది. చివరకు పండుగ నడపడంతోగాని, పీర్లను నిలపడంతోగాని సంఘానికి సంబంధం ఉండదని, పాటలను వ్రాయించి పెట్టడం మాత్రం చేయవచ్చునని ఒక మాటకు వచ్చాము. అందుకని సంఘం ఆఫీసులో ఒక పెద్ద రూళ్ల పుస్తకం ఉంచాము. పీర్ల పాటలు, ఫకీర్లు గుమ్మాల ముందు డఫ్ కొట్టి పాడే పదాలు, దూది ఏకేటప్పటి పాటలు, పాత బుర్రకథల ముక్కలు ఏవి జ్ఞాపకమున్నా వచ్చి చెప్పవలసిందిగా కోరుతున్నాము. పాడేవారు మన మతంవారే కానక్కరలేదు. పాట పక్కన పాడినవారి ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నదీ, ఏ వాద్యం మీద పాడేదీ వ్రాస్తాము. పూర్తిగా గుర్తులేకపోయినా ఫరవాలేదు, సగం చరణమైనా సరే. పిల్లలు సెల్‌ఫోనులో రికార్డు చేసి తెచ్చినా తీసుకుంటాము. ఇషా నమాజు తరువాత గంటసేపు ఆఫీసు తెరిచే ఉంటుంది. నడవలేని పెద్దవాళ్లుంటే కబురు చేయండి, పుస్తకం తీసుకొని మేమే వస్తాము.